నైటౌట్ పద్యానికి టీకా తాత్పర్యం

రాత్రి మేలుకొన్న రాకుండునే ర్యాంకు
చాయి తాగి చదువ చాలు నిపుడు
నిదుర యనగ నేమి నీరసుల పనియె
పరుపు కన్న మేలు బల్ల మనకు

అవతారిక: తెల్లవారితే పరీక్ష అనగా, హాస్టల్ గదిలో ఒక ఇంటర్ విద్యార్థి తోటివారికి ధైర్యం చెబుతూ పలికిన ఆటవెలది. యతులన్నీ కుదిరాయి. కుదరనిది అర్థమే.

ప్రతిపదార్థం: రాత్రి = మెస్ మూశాక మొదలై వాచ్‌మన్ గురక దాకా సాగే కాలం; మేలుకొన్న = కళ్లు మాత్రం తెరుచుకున్న; చాయి = అప్పు తెచ్చిన ఓపిక; నీరసులు = పదింటికే దుప్పటి కప్పుకునేవారు; బల్ల = మూడు గంటలకల్లా తలగడ అయ్యేది.

‘రాకుండునే’ అన్న కాకువు వల్ల తప్పక వస్తుందని కవి భావం. ఇది పూర్వపక్షం. మేలుకోవడంలో ఈ కవికి గురుతుల్యుడు అమెరికాలోని శాన్‌డియాగో కుర్రాడు రాండీ గార్డ్‌నర్. సైన్స్ ఫెయిర్ కోసం 17 ఏళ్ల వయసులో 264 గంటలు నిద్ర మానాడు. అది 1964 జనవరిలో ముగిసింది. చివరి రోజున వందలోంచి వరసగా ఏడు చొప్పున తీసేయమంటే 65 దగ్గర ఆగిపోయాడు. ఎందుకు ఆగావని అడిగితే, ఏం చేస్తున్నానో మరిచిపోయానన్నాడు.

ఇక చాయి. మెలకువగా ఉన్నకొద్దీ మెదడులో అడినోసిన్ పేరుకుని నిద్రమత్తు తెస్తుంది. కెఫీన్ ఆ కబురు అందకుండా అడ్డుపడుతుంది, అంతే. అలసట ఉన్నచోటే ఉంటుంది.

మూడో పాదం దగ్గర వ్యాఖ్యాత కాసేపు నిలబడక తప్పదు, కవి నిలువునా పడిపోయింది ఇక్కడే. నిద్రలో మెదడు ఊరుకోదు. పగలు విన్నదాన్ని ముందు పట్టుకునేది హిప్పోక్యాంపస్ అనే చిన్న భాగం. గాఢనిద్రలో అది ఆ జాడలను మళ్లీ మళ్లీ తిరగేసి, దీర్ఘకాలం నిలిచేలా కార్టెక్స్‌కు అప్పగిస్తుంది. 1924లోనే కార్నెల్ విశ్వవిద్యాలయంలో జెంకిన్స్, డాలెన్‌బాక్ ఇద్దరు విద్యార్థుల చేత అర్థంలేని అక్షరాలు బట్టీ పట్టించి చూశారు. మెలకువగా గడిపినప్పటి కన్నా, పడుకుని లేచాక ఎక్కువ గుర్తున్నాయి. మన రసాయన సమీకరణాలూ చాలామందికి అర్థంలేని అక్షరాలే కనుక ఉదాహరణ సరిపోతుంది. ఇది చదివిన తర్వాతి నిద్ర సంగతి. ముందు రాత్రి నిద్రా అంతే ముఖ్యం: ఒక రాత్రి నిద్రపోనివారికి బొమ్మలు చూపిస్తూ స్కాన్ తీస్తే హిప్పోక్యాంపస్ మందగించిందని 2007లో తేలింది. ఆ బొమ్మలను తర్వాత గుర్తుపట్టడంలోనూ వారు వెనకబడ్డారు.

పాఠాంతరం: నాలుగో పాదాన్ని ‘బల్ల కన్న మేలు పరుపు మనకు’ అని తిరగేసినా గణం చెడదు, యతి తప్పదు. ఎంఐటీలో కెమిస్ట్రీ విద్యార్థుల చేతికి ట్రాకర్లు కట్టి సెమిస్టరంతా గమనించారు. పరీక్ష ముందు ఒక్క రాత్రి నిద్రకూ మార్కులకూ పొత్తు కనిపించలేదు. ఈ మాట విని నైటౌట్ వర్గం చప్పట్లు కొట్టేలోపు మిగతాదీ చెప్పాలి: అంతకు ముందు వారం, నెల రోజులూ బాగా నిద్రపోయినవారికే మార్కులు మెరుగ్గా వచ్చాయి. కనుక పాఠాంతరమే గ్రాహ్యం.

ఫలశ్రుతి: 2016లో సియాటిల్ హైస్కూళ్ల తొలి గంటను 7.50 నుంచి 8.45కు జరిపితే, పిల్లలకు రోజుకు 34 నిమిషాల నిద్ర కలిసొచ్చింది. కౌమారంలో నిద్ర సహజంగానే ఆలస్యంగా వస్తుంది. ఆ వయసుకు 8 నుంచి 10 గంటలు కావాలి. మన హాస్టళ్లలో తెల్లవారుజామున ఐదింటికి గంట కొట్టించే పెద్దలు ఈ టీకాను ఒకసారి చిత్తగించవలెనని మనవి.