అమ్మడానికి కొనే బండి

అమెరికాలో హెచ్-1బీ వీసా మీద ఉన్న మనవాడు పెద్ద మోటార్‌సైకిల్ కొనబోయే ముందు దాన్ని అమ్మడం గురించి ఆలోచించాలని నా వాదన. పెళ్లిచూపుల్లోనే విడాకుల ఊసెత్తినట్టుందని ఎవరైనా అంటే అననివ్వండి. ఉద్యోగం పోయిన రోజు నుంచి కొత్త కొలువు చూసుకోవడానికో పెట్టె సర్దుకోవడానికో 2017 నాటి నిబంధన ఇచ్చే గడువు గరిష్ఠంగా 60 రోజులు. ఆ 60 రోజుల్లో అపార్ట్‌మెంట్ లీజు తెంచుకోవాలి, కారు అమ్మాలి, పిల్లల స్కూలు కాగితాలు తీసుకోవాలి, సోఫానీ వెట్ గ్రైండర్‌నీ తెలిసినవాళ్ల ఇంటికి సాగనంపాలి. ఇంత హడావిడిలో గరాజులో ఒక బండి మిగిలిపోయి, విమానం ఎక్కేదాకా ఏడిపించకూడదు. ఈ ఒక్క షరతు పెట్టుకుని బజారుకు వెళితే, ఏది మంచి బండి అన్న ప్రశ్నకు జవాబు చాలామటుకు దానంతటదే తేలుతుంది. పైగా చవకగా తేలుతుంది.

నేను చెప్పేది డ్యూయల్ స్పోర్ట్ బండి గురించి. అంటే మట్టిదారిలో దుమ్ము రేపి, అదే చక్రాలతో తారురోడ్డెక్కి పోలీసుకు దర్జాగా నంబరు ప్లేటు చూపించగలిగే బండి. ఇంజనీరింగ్ మూడో ఏడాదిలో వాయిదా వేసుకున్న లడఖ్ ప్రయాణం మనవాళ్ల బుర్రలో ఓ మూల నానుతూనే ఉంటుంది కనుక, డల్లాస్‌లోనో శాన్‌హోసేలోనో చేతిలో నాలుగు డాలర్లు ఆడగానే చూపు వీటి మీదికి పోతుంది. పోవడంలో తప్పు లేదు. యూటాలోని కాన్యన్‌ల్యాండ్స్‌లో వంద మైళ్ల వైట్ రిమ్ రోడ్డు ఉంది. బ్యాక్‌కంట్రీ డిస్కవరీ రూట్స్ అనే సంస్థ రాష్ట్రాలను ఈ కొస నుంచి ఆ కొసకు దాటించే మట్టిదారులు వెతికి, జీపీఎస్ దారులు ఊరికే ఇస్తోంది. కాకపోతే ఆ మట్టిని తాకాలంటే ముందు వందల మైళ్లు ఇంటర్‌స్టేట్ మీద, 75 మైళ్ల వేగంతో దూసుకుపోయే పద్దెనిమిది చక్రాల లారీల పక్కన సాగాలి. 250 సీసీ బండి ఆ వేగం అందుకోదని కాదు. అందుకుంటుంది, నడిపేవాడి పళ్లన్నీ ఒక్కొక్కటిగా లెక్కపెట్టిస్తూ. అందుకని 650 సీసీ.

ఆ సైజులో చవకైనవాటి పేర్లు చెప్పమంటే అమెరికాలో చాలాకాలంగా మూడే వినిపిస్తాయి. కవాసాకీ కేఎల్‌ఆర్650 పుట్టింది 1987లో. హోండా ఎక్స్‌ఆర్650ఎల్ 1993లో. సుజుకీ డీఆర్650కి ఇప్పుడున్న రూపం వచ్చింది 1996లో. మూడింటికీ ఒకటే సిలిండరు, ఐదే గేర్లు, షోరూం ధర 7 వేల డాలర్ల చుట్టుపక్కల. కేఎల్‌ఆర్ మధ్యలో 2018 తర్వాత మూడేళ్లపాటు కనబడకుండా పోయి, 2022 మోడల్‌గా ఫ్యూయల్ ఇంజెక్షన్‌తోనూ, కావాలన్నవాళ్లకు ఏబీఎస్‌తోనూ, 6,699 డాలర్ల ప్రారంభ ధరకు తిరిగొచ్చింది. హోండా, సుజుకీలైతే లోకమంతా ఇంజెక్షన్‌కు మారినా కార్బ్యురేటర్‌నే పట్టుకు వేలాడాయి. 2005 నాటి ఎక్స్‌ఆర్‌నూ 2015 నాటి ఎక్స్‌ఆర్‌నూ పక్కపక్కన నిలబెడితే, స్టిక్కర్లు చూస్తే తప్ప ఏది అన్నో ఏది తమ్ముడో తేలదు. జనం దీన్ని లోపమంటారు. అమ్ముకోవలసినవాడికి ఇంతకు మించిన వరం లేదు. పాతది పాతబడాలంటే కొత్తది రావాలి కదా. రానప్పుడు నిన్నటి బండి ఇవాళ కూడా కొత్త మోడలే. వాడకానికి తగ్గ తరుగు తప్ప, ఫ్యాషన్ పోయిందన్న తరుగు దీనికి పడదు.

ఇంత చదువు చదివి, ఇంత దూరం వచ్చి, కొనేది 1993 నాటి బండా అని బావగారు వాట్సాప్‌లో నిలదీస్తారు. ఆయన దృష్టిలో బండంటే బీఎండబ్ల్యూ జీఎస్. ఆ మోజుకు పునాది 2004 నాటి ‘లాంగ్ వే రౌండ్’. ఇవాన్ మెక్‌గ్రెగర్, చార్లీ బూర్మన్ అనే ఇద్దరు నటులు ఆర్1150జీఎస్‌ల మీద లండన్ నుంచి న్యూయార్క్‌కు, తూర్పు దిక్కుగా భూమి చుట్టి వెళ్లిన సీరీస్ అది. అందరికీ గుర్తుండేది ఆ బండ్లే. మంగోలియా ఎపిసోడ్‌లో ఏమైందో మాత్రం ఎవరూ చెప్పరు. కెమెరామన్ జీఎస్‌కు ఫ్రేము విరిగితే, ఆ ప్రయాణం సాగడానికి అక్కడే దొరికిన ఎర్రటి రష్యన్ ఈజ్ ప్లానెటా కొనుక్కోవలసి వచ్చింది. అదీ మొరాయించేదే. తేడా అల్లా, దాని జబ్బు ఆ ఊళ్లో నలుగురికీ తెలుసు. 2024 నాటి ఆర్1300జీఎస్ ధర 18,895 డాలర్ల దగ్గర మొదలైంది. అంత డబ్బు ఎవరైనా లోను మీదే తెస్తారు. లోను తీరేదాకా టైటిల్ కాగితం మీద బ్యాంకు పేరు కూర్చుంటుంది, 60 రోజుల గడువులో కొంత ఆ పేరు చెరిపించుకోవడానికే పోతుంది. కొనడానికి వచ్చేవాడు కూడా తన బ్యాంకును వెంటబెట్టుకునే వస్తాడు. సెకండ్ హ్యాండ్ కేఎల్‌ఆర్ కోసం వచ్చేవాడైతే పికప్ ట్రక్కు వెనక రెండు తాళ్లు వేసుకుని, జేబులో నోట్లు పెట్టుకుని శనివారం పొద్దున్నే దిగుతాడు.

వీటికి జబ్బులు లేవని నేననను. జబ్బులు ఊరందరికీ తెలిసినవని మాత్రం అంటాను. పాత కేఎల్‌ఆర్ సంగతి చూడండి. ఒంటి సిలిండరు ఇంజను కుదుపు తగ్గించడానికి లోపల బ్యాలెన్సర్లు ఉంటాయి, వాటిని ఒక సన్నటి చైను తిప్పుతుంది. చైను సాగినప్పుడు బిగువుగా లాగి పట్టడానికి ఎడమవైపు కవరు వెనకాల వేలెడంత మీట, దానికో స్ప్రింగు. ఆ స్ప్రింగు తెగేది, లేకపోతే లాగడం మానేసేది. మీట విరిగి ముక్క ఇంజనులోనే పడి ఉండేది. 2008లో కంపెనీ దాన్ని కాస్త బాగుచేసిందిగానీ, అప్పటికే బయటివాళ్లు గట్టి మీటలు తయారుచేసి అమ్మడం మొదలుపెట్టారు. అమెరికన్లు దానికి ‘డూహికీ’ అని ముద్దుపేరు పెట్టుకున్నారు. సెకండ్ హ్యాండ్ బేరానికి వెళ్లినవాడు బండి చుట్టూ ఒకసారి తిరిగి, గొంతు సవరించుకుని, “డూహికీ మార్పించారా?” అని ఒక్క ప్రశ్న వేస్తే చాలు. ఎదుటివాడు మనల్ని పండిపోయిన మెకానిక్ అనుకుని ధర కొంత దానంతటదే దించుతాడు. రేపు మనం అమ్మేటప్పుడు ఇదే ప్రశ్న మనకూ ఎదురవుతుంది కనుక మార్పించిన రసీదు జాగ్రత్తగా దాచుకోవాలి. మార్పించడం కాదు, వీలైతే మనమే మార్చుకోవాలి. అక్కడి షాపుల్లో మెకానిక్ కూలి గంటకు 100 డాలర్లు దాటడం మామూలే. విజయవాడ ఆటోనగర్‌లో టీ తాగొచ్చేలోపు అయిపోయే పని అక్కడ వారం తర్వాతి అపాయింట్‌మెంటు.

మరి మన దేశపు బండి హిమాలయన్ సంగతేమిటని దేశభక్తులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. 450 హిమాలయన్‌కు 40 గుర్రాల శక్తి, ఆరు గేర్లు, అందుబాటులో ఉండే సీటు ఉన్నాయి. అమెరికాలో ధర 6 వేల డాలర్లలోపే. చెన్నై పక్కన తయారైన బండిని సముద్రాలు దాటివచ్చి, మన దగ్గరి ధరకన్నా బాగా ఎక్కువ పోసి కొన్నాడని చుట్టాలు నవ్వితే నవ్వుతారు, అది ఎలాగో పడొచ్చు. నా అభ్యంతరం వేరే. 2016లో వచ్చిన 411 సీసీ హిమాలయన్ 24 గుర్రాలతో ఇంటర్‌స్టేట్ మీద ఆయాసపడేది. 2023లో కొత్త 450 రాగానే దేశంలోనూ విదేశంలోనూ అది ఒక్కరోజులో తాతగారైపోయింది. బండి బాగుపడటం కంపెనీకి మంచిదే, పాతది అమ్ముకునేవాడికి మాత్రం పిడుగుపాటు.

ఇక ఎత్తు. ఎక్స్‌ఆర్ సీటు నేల నుంచి 37 అంగుళాలు, అంటే 94 సెంటీమీటర్లు. మన సగటు మనిషి దాని మీద కూర్చుని సిగ్నల్ దగ్గర ఆగితే కాలు మోపడానికి ఫుట్‌పాత్ అంచు వెతుక్కోవాలి. కేఎల్‌ఆర్ సీటు కాస్త తక్కువే అయినా బరువు 200 కిలోల పైమాట, పడితే లేపడానికి పక్కింటి ఆరడుగుల మనిషిని బతిమాలుకోవాలి. డీఆర్‌ను కిందికి దించే వీలు కంపెనీయే పెట్టింది కనుక పొట్టివాళ్లకు నా ఓటు దానికే. దించినా, దించే ముందు ఎలా ఉందో గుర్తుపెట్టుకోండి. రేపు కొనబోయేది ఆ పక్కింటి ఆరడుగుల మనిషే.

అన్నిటికన్నా గట్టి అభ్యంతరం అమ్మది. కారుండగా ఈ బండెందుకు నాయనా అంటుంది. అమెరికా రవాణా భద్రతా సంస్థ లెక్కల్లోనే, నడిచిన మైలుకు చూసుకుంటే మోటార్‌సైకిల్ మీద ప్రాణం పోయే అవకాశం కారులో కన్నా 20 రెట్లకు పైనే. దీనికి నా దగ్గర చమత్కారమైన సమాధానం లేదు. అమీర్‌పేట సందుల్లో పదిహేనేళ్లు నడిపానన్న ధీమాను ఇంట్లో వదిలి, పార్కింగ్ స్థలంలో శని ఆదివారాలు నేర్పే బేసిక్ రైడర్ కోర్సులో పిల్లల మధ్య నిలబడి, క్లచ్ ఎక్కడుందో మళ్లీ చూపించుకోవాలి. చాలా రాష్ట్రాల్లో అది పూర్తిచేస్తే లైసెన్సుకు రోడ్డు పరీక్ష కూడా తప్పుతుంది. హెల్మెట్, జాకెట్, బూట్లు, గ్లవ్స్ ఖర్చును బండి ధరలోనే కలిపి చెప్పుకోవాలి, లేకపోతే ఇంట్లో చెప్పిన ధర అబద్ధమవుతుంది. టెక్సస్‌లో 21 ఏళ్లు దాటినవాళ్లు శిక్షణో ఆరోగ్య బీమానో ఉంటే హెల్మెట్ లేకుండా నడపవచ్చు. చట్టం ఇచ్చిన హక్కులన్నీ వాడి తీరాలని ఎక్కడా రాసిలేదు.

ఇదంతా విని, నాకు గ్రీన్‌కార్డు వచ్చేస్తుంది, అమ్మకం బెంగ అక్కర్లేదు, అప్పుడు హాయిగా మంచి మోడల్ కొనుక్కుంటాను అనే ఆశావాదులు ఉంటారు. 2025 చివర్లో ఈబీ-2 అనే గ్రీన్‌కార్డు వర్గం కింద మనవాళ్ల వంతు ఇంకా 2013లో దరఖాస్తు పెట్టినవాళ్ల దగ్గరే తచ్చాడింది. ఆ 2013లో షోరూంలో నిలబడ్డ ఎక్స్‌ఆర్‌కూ 2025లో నిలబడ్డ ఎక్స్‌ఆర్‌కూ తేడా రంగులోనే. ఇవాళ దరఖాస్తు పెట్టినవాడి వంతు వచ్చేనాటికి షోరూంలో ఉండేదీ బహుశా ఇదే బండి, ఇదే సీటు ఎత్తు, ఇదే కార్బ్యురేటర్. ధర మాత్రం మోడల్‌లా ఆగి ఉండదు.