పరుపు కింద కేసీ కెనాల్

నందికొట్కూరు చుట్టుపక్కలకు నీళ్లు ఎక్కడినుంచి వస్తాయంటే బడిపిల్లలైనా చెప్తారు. సుంకేసుల దగ్గర మొదలయ్యే కేసీ కెనాల్ ఉంది, మల్యాలలో హంద్రీ-నీవా మోటార్లున్నాయి, ముచ్చుమర్రిలో ఎత్తిపోతల ఉంది. ఈ మధ్య ఇంకో జలవనరు బయటపడింది. దానికి శంకుస్థాపన లేదు, ధర్నాల్లేవు, పక్క రాష్ట్రంతో పేచీ లేదు. కొత్తింట్లో, సారెతో వచ్చిన డబుల్‌కాట్ మీద పరుపు ఎత్తి చూస్తే చాలు. ప్లైవుడ్ మీద తడి, తడి చుట్టూ నల్లటి బూజు.

ఇక పంచాయితీ మొదలు. మేస్త్రీ పునాదిలోంచి నిమ్ము ఎక్కుతోందంటాడు. వాస్తు చూసేవాయన నెపమంతా ఈశాన్యం మీద వేస్తాడు. పరుపుల షాపాయనకైతే అనుమానమే లేదు: “బ్రీతబుల్ ఫోమ్ సార్, ఇది ఊపిరి పీలుస్తుంది.” పీలుస్తుందనే అనుకుందాం. ముక్కూ నోరూ మూసిపెట్టి ఊపిరి పీల్చమంటే ఏ పరుపు మాత్రం ఏం చేస్తుంది?

దొంగ ఆ మంచం మీదే పడుకుని ఉన్నాడు. నిద్రలో మనిషి ఊపిరితో, చర్మంతో వదిలే నీరు రాత్రికి పావు లీటరుకు అటూ ఇటూ. అందులో కొంత పరుపులోకి దిగుతుంది. 30 డిగ్రీల గాలి ఘనపు మీటరుకు 30 గ్రాముల దాకా ఆవిరిని మోస్తుంది, 20 డిగ్రీలకు చల్లబడితే 17 గ్రాములకు మించి మోయలేదు. మిగతాది ఎక్కడో ఒకచోట దించాల్సిందే. ఫోమ్ అడుగున గాలాడని చల్లటి చెక్క దొరికితే అక్కడే దించుతుంది. బూజుకు నీటిచుక్కలు కూడా అక్కర్లేదు, చెక్కను అంటుకుని ఉన్న గాలిలో తేమ 80 శాతం దాటితే కాపురం పెట్టేస్తుంది.

దీనికి ఏసీ తోడు. స్టార్ ముద్ర వేసుకునే రూం ఏసీలు ఆన్ చేయగానే 24 డిగ్రీల దగ్గర మొదలవ్వాలని 2020 జనవరి 1 నుంచి కేంద్రం నిబంధన పెట్టింది. రిమోట్ చేతిలో ఉండగా కేంద్రం మాట ఎవరు వింటారు? 18 పెట్టుకుని రెండు దుప్పట్లు కప్పుకుంటారు. తెల్లారాక ఏసీ ఆపి, శ్రావణమాసపు గాలి రావాలని కిటికీలు బార్లా తీస్తారు. ఆ గాలి 26 డిగ్రీలు, తేమ 85 శాతం ఉంటే, 23 డిగ్రీలకంటే చల్లగా ఉన్న దేన్ని తాకినా నీరవుతుంది. రాత్రంతా చల్లబడ్డ బేతంచెర్ల నాపబండలకు చెమటలు పడతాయి. పునాది మీద కేసు అక్కడే కొట్టేయొచ్చు.

ఈ జబ్బు బ్రిటన్‌లో సెలవులకు డేరాబండి తగిలించుకుని పోయేవాళ్లకు పాతదే. కారు వెనక చక్రాల పెట్టె, తెరిస్తే గుడ్డ గది, రెండు పక్కలా బయటికి సాగే పలక మంచాలు. పలక కింద చలిగాలి, పైన పరుపు, లోపల ఇంటిల్లిపాది ఊపిరి. పొద్దునకు పరుపు అడుగు తడిసిపోతుంది. వాళ్లు ఈశాన్యం జోలికి పోలేదు. పలక తీసేసి సందులుండే చెక్క బద్దలు వేసుకుంటారు, లేదంటే పరుపు కింద గాలాడేలా దళసరిగా అల్లిన ప్లాస్టిక్ వల డబ్బు పోసి కొనుక్కుంటారు.

అల్లిక, సందులు, కింద గాలి. ఈ గొప్ప ఆవిష్కరణను రాయలసీమ అటక మీద పడేసింది. నాలుగు కోళ్లు, నాలుగు పట్టెలు, నులక. నామోషీ అని ఇంట్లోంచి గెంటేసిన ఆ మంచం హైవే దాబాల్లో కనిపిస్తే మాత్రం దాని మీద కూర్చుని సెల్ఫీ దిగుతారు. 2017లో సిడ్నీలో ఒకాయన అలాంటి మంచానికే 990 ఆస్ట్రేలియా డాలర్లు ధర కట్టి ప్రకటన వేస్తే, మనవాళ్లు ఫోన్లలో చూసి కడుపుబ్బ నవ్వుకున్నారు. నవ్వి, వెళ్లి ప్లైవుడ్ పెట్టె మీద పడుకున్నారు.

పరుపు కథా అంతే. నంద్యాల పత్తి సీమ. అక్కడి పరిశోధనా స్థానం 1906 నాటిది, ‘నరసింహ’ పత్తి రకం పుట్టిందీ అక్కడే. పత్తి తన బరువులో ఎనిమిది శాతం పైగా తేమను పట్టి ఉంచుతుంది, పాలిస్టర్ అర శాతం కూడా పట్టదు. అందుకే దూది పరుపును మిద్దె మీద ఎండేసేవాళ్లు, గడ్డలు కడితే దూదేకుల సాయిబు వచ్చి విప్పి, ఏకి, మళ్లీ కుట్టిపోయేవాడు. ఇప్పటి ఫోమ్ పరుపు చీటీ మీద ‘ఎండలో పెట్టరాదు’ అని ఉంటుంది. నిజమే, ఎండకు ఫోమ్ పసుపెక్కి పొడి రాలుతుంది. వేసవిలో 45 డిగ్రీలు దాటే ఊళ్లో, ఉచితంగా దొరికే ఒకే ఒక్క వస్తువుకు పడని పరుపును వేలు పోసి కొంటున్నారన్నమాట.

అసలు ఘనత ప్లాస్టిక్ కవరుది. “తీయొద్దమ్మా, కొత్తది, మాసిపోతుంది” అని అత్తగారి ఉత్తర్వు. పక్కకు దొర్లినప్పుడల్లా కరకరలాడినా సరే, తీయరు. ఏడాది తిరిగేసరికి పైభాగం చిరిగిపోతుంది, కిందిభాగం చెక్కుచెదరదు. అంటే పైనుంచి ఆవిరి దిగడానికి దారి ఉంది, అడుగునుంచి పోవడానికి లేదు. ఇంజనీర్లు కూర్చుని గీసినా ఇంత చక్కని చెరువు కుదరదు. దాని కింద సామాను పెట్టుకునే పెట్టె, అందులో బొంతలు, పట్టుచీరలు, ఇత్తడి బిందెలు. గాలి దూరే సందు లేకుండా కుక్కిపెట్టి, నాఫ్తలీన్ గోలీలు వేస్తారు. వాటికి పురుగులు పారిపోతాయేమో గానీ తేమకు లెక్కే లేదు.

వడ్రంగిని పిలిచి పలక తీయించి, వేళ్లు దూరేంత సందుతో బద్దలు కొట్టిస్తే ఒక పూట పని. పెట్టెను సగం ఖాళీ చేసి, పొద్దున్నే పరుపును గోడకు నిలబెడితే సగం బూజు అక్కడే ఆగుతుంది. కానీ కవరు తీస్తే వారంటీ పోతుందని ఇంటాయన భయం. చాలా వారంటీ కాగితాల్లో, పరుపుకు మరకలూ తడీ కనిపిస్తే బాధ్యత లేదని చిన్న అక్షరాల్లో రాసే ఉంటుంది. చదువుదామంటే ఆ కాగితం పెట్టె మంచం అడుగున, బొంతకు అతుక్కుపోయి ఉంది.