ఐ, ఓ లేని కాపురం

నేనొక రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌లో ముక్కను. క్యారెక్టర్ క్లాస్ అంటారు నన్ను. చదరపు బ్రాకెట్ల నడుమ కూర్చుని, వచ్చిన ఒక్కో అక్షరాన్నీ చూసి రానిస్తాను, లేదా పొమ్మంటాను. ఉండేది హనుమాన్ జంక్షన్‌లో, హైవే పక్క కాటా గదిలోని కంప్యూటర్‌లో. నూజివీడు మామిడి, కైకలూరు చేపలు, ధాన్యం బస్తాలు అన్నీ ఈ కాటా ఎక్కాల్సిందే. బరువుతో నాకు పనిలేదు. లారీ నంబరులో నడిమి సిరీస్ అక్షరాల పూచీ ఒక్కటే నాది.

ఏ నుంచి జెడ్ దాకా అని రాస్తే పోయేదిగా అంటారు. పోదు. మన నంబరు ప్లేట్ల సిరీస్‌లో ఐ, ఓ వాడరు, ఒకటీ సున్నాలతో కలిసిపోతాయని. తూకం చీటీలో సున్నా బదులు ఓ పడితే, రేపు ఆ లారీ లెక్క వెతికినా దొరకదు. అందుకే నాలో మూడు శ్రేణులు: ఏ–హెచ్, జె–ఎన్, పి–జెడ్. మొత్తం 24 అక్షరాలు.

నన్ను రాసిన అమ్మాయి బ్రాకెట్లు చేత్తో పేర్చలేదు, చిన్న చిన్న ఫంక్షన్లు పెట్టుకుంది. ఒకటి రెండు కొసలిస్తే శ్రేణి కడుతుంది. కొసలు తారుమారైతే అక్కడే ఆపేస్తుంది. ఇంకొకటి శ్రేణులన్నీ కలిపి బ్రాకెట్లు తొడుగుతుంది. మూడోది హైఫన్, టోపీ గుర్తు లాంటి పెంకి ఘటాల ముందు బ్యాక్‌స్లాష్ పెడుతుంది. టోపీ మొదట్లో పడిందంటే రానిచ్చేవాళ్ళు బయటికి, బయటివాళ్ళు లోపలికి!

పెద్ద ఏ నుంచి చిన్న జెడ్ దాకా ఒకే శ్రేణి రాసే మహానుభావులున్నారు. ఆస్కీలో పెద్ద జెడ్ 90, చిన్న ఏ 97. నడుమనున్న ఆరు గుర్తులూ పిలవని పేరంటానికి వచ్చేస్తాయి.

మా వంశం గణితంలో స్టీఫెన్ క్లీనీతో మొదలు. 1968లో కెన్ థాంప్సన్ ఆ లెక్కను టెక్స్ట్ వెతికే పనిలో పెట్టాడు. మిగతా చరిత్ర పుస్తకాల్లో ఉంది.

నా పక్కింటివాడు రాష్ట్రం, జిల్లా కోడ్ చూస్తాడు. పాపం, వాడికే కష్టాలన్నీ. ఏపీ 16 అంటే కృష్ణా జిల్లా అని చంటిపిల్లలూ చెప్పేవారు; 2019 నుంచి కొత్త బండ్లకు రాష్ట్రమంతా 39 అన్నారు. తెలంగాణ 2014లో టీఎస్, 2024లో టీజీ. నా జోలికెవరూ రాలేదు, ఒక్కసారి తప్ప.

"జెడ్ తీసెయ్యమ్మా, అది ఆర్టీసీ బస్సులది. బస్సు మన కాటా ఎక్కుతుందా?" అన్నాడు యజమాని.

"ఆర్టీసీకి కార్గో బండ్లున్నాయి బాబాయ్," అంది అమ్మాయి.

జెడ్ ఉండిపోయింది.