స్వర్గం మాట తప్పిందట!

బాలిలో ఒంటరిగా రెండు నెలలు గడిపి వచ్చిన మనిషికి ఒక హోదా వచ్చేస్తుంది. ఎవరైనా బాలి పేరెత్తితే చాలు, నిట్టూర్చి "అది ఇదివరకటిలా లేదండీ" అంటాడు. ఇదివరకు ఎలా ఉండేదో ఆయనకూ తెలీదు, వెళ్ళడం అదే మొదలు. అయినా ఆ నిట్టూర్పులో ఆస్తులు పోగొట్టుకున్న జమీందారు దర్పం వినిపిస్తుంది.

ఈ హోదాకి దారి అందరికీ ఒకటే. ఉద్యోగం విసుగెత్తుతుంది, లేదా పెళ్ళి చెడుతుంది, లేదా రెండూ సలక్షణంగా ఉండడం వల్లనే ఏమీ తోచదు. "నన్ను నేను వెతుక్కోవాలి" అన్న మాట పుడుతుంది. ఆ వెతుకులాట బోడుప్పల్‌లోనో బెంజ్ సర్కిల్ దగ్గరో ఎందుకు కుదరదని ఇంట్లో ఎవరూ అడగరు. అడిగితే పాతకాలపు మనుషులని పేరు. మొదటి వారం ఫొటోల్లో బోండాం, ఊయల, వరిమళ్ళు. రెండో వారం వరసగా సూర్యోదయాలు. ఐదో వారానికి గోడకి బూజు, పక్కలో చీమలు, కడుపులో గడబిడ, మాట్లాడదామంటే స్కూటర్ అద్దెకిచ్చే కుర్రాడు తప్ప మనిషి లేడు. ఎనిమిదో వారం తాత్విక నిర్ధారణ: ఇక్కడ అంతా వ్యాపారమైపోయింది.

అయింది మరి. 2024లో బాలికి వచ్చిన విదేశీయులు 63 లక్షల పైచిలుకు. దీవి జనాభా 44 లక్షలకు అటూ ఇటూ. ఆస్ట్రేలియా తర్వాత ఎక్కువమందిని పంపింది మన దేశమే. ఇంతమందిలో ఎవరిని కదిపినా ఏకాంతం కోసమే వచ్చానంటాడు. వరిచేలు చూస్తూ కాఫీ తాగాలని బాలిలోని చాంగు చేరినవాళ్ళ కోసం వరిచేలలోనే విల్లాలు లేచాయి. ఆ విల్లా బాల్కనీలో కూర్చున్న పెద్దమనిషి, ఎదుటి విల్లా అడ్డొచ్చి చేను కనపడటం లేదని బాధపడతాడు. తన విల్లా కింద ఏం పండేదని మాత్రం అనుమానం రాదు.

నిశ్శబ్దం సంగతి మరీ విచిత్రం. బాలివాళ్ళకి న్యేపి అని శక సంవత్సరాది ఒకటుంది. ఒక్కో ఏడు మన ఉగాది నాడే పడుతుంది, 2023లో అలాగే పడింది. ఆ రోజు ఇరవైనాలుగు గంటలు దీపం వెలగదు, బండి కదలదు, విమానాశ్రయం మూతబడుతుంది. 2018 నుంచి మొబైల్ ఇంటర్నెట్ కూడా ఆపేస్తున్నారు. పైసా ఖర్చు లేని మౌనం, ఊరు ఊరంతా కలిసి పాటించే మౌనం. వేలు పోసి మౌన శిబిరంలో చేరిన మనిషి ఆ పూట హోటల్ కౌంటర్ దగ్గర వైఫై పాస్‌వర్డ్ కోసం నిలబడి ఉంటాడు.

పైగా "ఇదివరకు" అనేది ఎప్పుడు? హిక్మన్ పొవెల్ అనే అమెరికన్ బాలి మీద పుస్తకం రాసి దానికి 'చివరి స్వర్గం' అని పేరు పెట్టింది 1930లో. అప్పటికే చివరిదైన స్వర్గం, తొంభై ఏళ్ళు దాటినా చివరిదిగానే అమ్ముడవుతోంది. సాయంత్రం పూట గుడి ముందు వందమంది మగవాళ్ళు వలయంగా కూర్చుని చేసే కెచక్ నృత్యాన్ని చూసి "ఇదొక్కటే అసలైన ప్రాచీన బాలి" అని కళ్ళు తుడుచుకుంటారు యాత్రికులు. దాని మూలం పాత పూనకాల తంతులోదే గానీ, రామాయణం కథ జోడించి ప్రేక్షకుల కోసం ఇప్పటి రూపానికి తెచ్చింది 1930లలో. అందులో వాల్టర్ స్పీస్ అనే జర్మన్ చిత్రకారుడి చెయ్యి కూడా ఉంది. యాత్రికులు వెతికే ప్రాచీనతని యాత్రికుల కోసమే తయారుచేసిపెట్టారు, పాపం. ఇంతకన్నా మర్యాద ఏ ఊరు చేస్తుంది?

ఈ స్వర్గయాత్రికుల్లో మాట మీద నిలబడినవాడు ఒక్కడు కనిపిస్తాడు. పేరు ఆగస్ట్ ఎంగెల్‌హార్ట్, న్యూరెంబర్గ్‌లో 1875లో పుట్టాడు. మందుల షాపులో సహాయకుడిగా పనిచేస్తూ శాకాహార సాహిత్యం చదివి, చదివి, ఒక సత్యం కనిపెట్టాడు: భూమ్మీద సూర్యుడికి అతి దగ్గరగా కాసేది కొబ్బరికాయ, అది చూడ్డానికి మనిషి తలలా ఉంటుంది, కనుక అదే దైవాహారం, కేవలం కొబ్బరి తిని, బట్టల్లేకుండా ఎండలో ఉంటే మనిషికి అమరత్వం సిద్ధిస్తుంది. కోనసీమలో దింపు పనికి వెళ్ళే ఏ కార్మికుణ్ణి అడిగినా, కాయ తలలా ఉండటం కాదయ్యా, తలమీద పడకుండా చూసుకోవడం ముఖ్యం అని చెప్పేవాడు. ఎంగెల్‌హార్ట్ అంబాజీపేట రాలేదు. 1902లో ఇప్పటి పపువా న్యూగినీకి, అప్పటి జర్మన్ వలసకి, పుస్తకాల పెట్టెలతో వెళ్ళాడు. కబకోన్ దీవిలో కొబ్బరితోట కొన్నాడు. అమ్మింది ఎమ్మా కో అనే సమోవా ఆసామి. ఆ ప్రాంతంలో ఆమెని రాణి ఎమ్మా అనేవాళ్ళు. ఈ కథ మొత్తంలో స్వర్గం వల్ల ఏ నిరాశా పడనిది ఆమె ఒక్కతే. స్వర్గాన్ని నమ్మలేదు, అమ్మింది.

జర్మనీకి ఉత్తరాలు వెళ్ళాయి, శాకాహార పత్రికలు అచ్చేశాయి, శిష్యులు ఓడెక్కారు. మొదటి కుర్రాడు వచ్చిన కొన్ని వారాలకే పోయాడు. తర్వాత బెర్లిన్ నుంచి మాక్స్ లుట్జోవ్ అనే సంగీతకారుడు వచ్చి, దీవిని ఆకాశానికెత్తుతూ ఉత్తరాలు రాశాడు. అవి చదివి మరికొందరు వచ్చారు. లుట్జోవ్ 1905లో జబ్బుపడి చనిపోయాడు. ఉత్తరాలు మాత్రం అప్పటికే అచ్చయి ఉన్నాయి. గురువుగారిని ఆస్పత్రిలో తూస్తే 39 కిలోలు, ఒళ్ళంతా పుళ్ళు. కొంచెం కోలుకోగానే మళ్ళీ కబకోన్‌కే పారిపోయాడు. 1919లో అక్కడే పోయాడు. మలేరియా, పోషకాహార లోపం అనే రెండు ముక్కల్లో తేలే విషయం ఇది. కానీ "దీవి నన్ను మోసం చేసింది" అని ఆయన ఎక్కడా అనలేదు. ఇప్పటివాళ్ళతో పోలిస్తే ఆ మాత్రం నిజాయితీ చాలా పెద్దది.

కొబ్బరిచెట్టు కింద పుట్టినవాళ్ళకి ఈ పిచ్చి పట్టకపోవడానికి కారణం ఉంది. 1996 నవంబరు తుఫాను చూసిన కోనసీమ రైతుకి కొబ్బరితోట అంటే ఒక్క రాత్రిలో నేలమట్టమయ్యే బతుకు. దాన్ని ఫోన్ తెర మీద వాల్‌పేపర్‌గా పెట్టుకోవడం ఆయన వల్ల కాదు. అసలు భూగోళం తీసి చూస్తే హైదరాబాద్ భూమధ్యరేఖకి ఎంత పైన ఉందో, తాహితి రాజధాని పపేటే దాదాపు అంతే కింద ఉంది: రెండూ 17 డిగ్రీల చిల్లరే. ఉష్ణమండలాన్ని వెతుక్కుంటూ శంషాబాద్‌లో విమానమెక్కేవాడు ఉష్ణమండలంలోనే బోర్డింగ్ పాస్ తీసుకుంటున్నాడు.

పపేటే అన్నాక ఫ్రెంచి చిత్రకారుడు పాల్ గోగాన్‌ని తప్పించుకోలేం. ఈ ఫిర్యాదుల శాఖకి వ్యవస్థాపక అధ్యక్షుడు ఆయనే. 1891లో బొమ్మలు వేలం వేసి, ప్రభుత్వం దగ్గర ఓడ చార్జీలో రాయితీ పుచ్చుకుని, నాగరికత మీద అసహ్యంతో తాహితి చేరాడు. పొడుగు జుట్టు, వెడల్పాటి టోపీ చూసి పపేటే జనం పగలబడి నవ్వారు. ఊళ్ళో ఫ్రెంచి గుమాస్తాలు, చర్చీలు, మిషనరీలు తొడిగిన పొడుగు గౌన్లు. ఆదిమ అమాయకత్వం ఎక్కడా కానరాక నలభై అయిదు కిలోమీటర్ల దూరంలో మతయేయా అనే పల్లెకి మకాం మార్చాడు. అక్కడ చెట్టు మీద పండు ఉంది, సముద్రంలో చేప ఉంది. ఎక్కడమూ రాదు, పట్టడమూ రాదు. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరినట్టు ఉంది వ్యవహారం. చైనా వర్తకుడి కొట్టులో డబ్బా ఆహారం కొనుక్కు తిన్నాడు. అదే గోగాన్ 1900లో పపేటేలో సభ పెట్టి చైనా వలసదారులకి వ్యతిరేకంగా ఉపన్యసించాడు.

పురాతన దేవుళ్ళ కథలు చెప్పేవాళ్ళు పల్లెలో దొరకలేదు. దానికీ ఉపాయముంది. మోరెన్‌హౌట్ అనే వ్యాపారి 1837లో వేసిన పుస్తకం నుంచి పేజీలకి పేజీలు ఎత్తి రాసుకుని, తన 'నోవా నోవా' పుస్తకంలో మాత్రం అవన్నీ రాత్రిపూట తన ప్రియురాలు చెప్పినట్టు రాశాడు. ఆ ప్రియురాలు తెహామానాకి ఆయన లెక్క ప్రకారమే పదమూడేళ్ళు; ఆయనకి నలభై దాటాయి. దాన్ని పెళ్ళి అన్నాడు. 1893లో దేశానికి పంపమని ప్రభుత్వాన్ని బతిమాలుకుని వెళ్ళి, 1895లో మళ్ళీ వచ్చి కబురు పెడితే ఆ పిల్ల వచ్చింది, వారం రోజులుండి వెళ్ళిపోయింది. నిరాశపడటానికి గోగాన్‌కి ఏళ్ళు పట్టాయి. ఆమెకి వారం సరిపోయింది, పుస్తకమూ అవసరం పడలేదు.

ఆ రెండో రాకలో పపేటేలో కరెంటు దీపాలు చూసి మండిపడ్డాడు. పారిస్‌కి కరెంటు ఉండొచ్చు, తాహితికి ఉంటే అపచారం! 1898లో డబ్బుల్లేక అదే ఊళ్ళో ప్రజాపనుల శాఖలో రోజుకి 6 ఫ్రాంకుల జీతానికి నక్షాలు గీశాడు. నాగరికతని వదిలి సగం భూమి దాటి వచ్చినవాడికి చివరికి దక్కింది సర్కారు బల్ల. 1901లో ఇంకా దూరపు దీవి హివా ఓవాకి పోయాడు. అక్కడా అధికారులతో తగాదాలు, అర్జీలు, కోర్టు కేసు.

1902లో ఇక చాలు, యూరప్ వచ్చేస్తానని స్నేహితుడు మోన్‌ఫ్రేకి రాశాడు. ఆయన వద్దన్నాడు. పసిఫిక్ నడుమ నుంచి అద్భుతమైన బొమ్మలు పంపే అజ్ఞాత కళాకారుడివి నువ్వు, చచ్చిపోయిన మహానుభావులతో సమానం, ఇప్పుడొస్తే జనం మనసులో పెరుగుతున్న కథ చెడుతుంది అని ఆ జవాబు సారాంశం. అంటే పారిస్‌లో స్వర్గం గిరాకీ బాగుంది, సరుకు పంపేవాడు అక్కడే ఉండాలి. 1903 మేలో గోగాన్ అక్కడే పోయాడు. పెళ్ళెప్పుడు అని అర్థమొచ్చే పేరుతో 1892లో వేసిన ఒక తాహితి బొమ్మ తర్వాతి కాలంలో 20 కోట్ల డాలర్లకి పైనే పలికింది.

ఆయన పోయాక సామాను పపేటేలో వేలం వేశారు. కొనడానికి వెళ్ళినవాళ్ళలో విక్టర్ సెగలెన్ అనే నౌకాదళ డాక్టరు ఉన్నాడు. ఆ సామానులో బ్రిటనీ పల్లె మీద మంచు కురిసిన బొమ్మ ఒకటి బయటపడింది. వేలం పాటగాడు దాన్ని తలకిందులుగా పట్టుకుని, నయాగరా జలపాతమని కేకేశాడట. సెగలెన్ 7 ఫ్రాంకులకి పాడుకున్నాడు.