నైలు మీదుగా రేపల్లె ప్యాసింజరు

రిటైరైన లెక్కల మాస్టార్లకు బెజవాడలో మూడే దారులు: ట్యూషన్లు, భాగవతం, అపార్ట్‌మెంటు సంఘం కార్యదర్శి పదవి. సత్యనారాయణపురంలో ఒకాయన నాలుగోది కనిపెట్టారు. లెనిన్ సెంటరు పాత పుస్తకాల కొట్లో ఆయనకు అలన్ గార్డినర్ ఈజిప్టు వ్యాకరణం దొరికింది. 1927లో మొదటిసారి అచ్చయిన ఆ మహాగ్రంథాన్ని బేరమాడి కొని, ఆటోలో ఒళ్లో పెట్టుకుని తెచ్చుకున్నారు.

ప్రాచీన ఈజిప్టు బొమ్మల రాతలో పక్షులూ మనుషులూ ఎటు చూస్తుంటే అటు నుంచి చదవాలి. ఒక గోడ మీద ఎడమ నుంచి, పక్క గోడ మీద కుడి నుంచి. సరే, మెడ తిప్పడమే కదా అనుకున్నారు. అచ్చులు రాయరని తెలిశాక అసలు కష్టం మొదలైంది. న, ఫ, ర అనే హల్లులే ఉంటాయి. మధ్యలో ఎకారాలు దూర్చి ‘నెఫెర్’ అనుకోవడం నేటి పండితులు చేసుకున్న ఏర్పాటు. “అచ్చుల్లేకపోతే ఆవకాయ ఏమవుతుందండీ?” అని వంటింట్లోంచి ప్రశ్న వచ్చింది. ఆయన కాగితం మీద రాసి చూసుకుని ఊరుకున్నారు.

ఇల్లు బొమ్మ, దాని కింద నోరు, పక్కన నడిచే కాళ్లు. ఇల్లు ‘పర్’ అనే శబ్దం. నోరు అందులోని రకారాన్ని మళ్లీ గుర్తు చేయడానికి. కాళ్లు పలకవు, ఇది నడకకు సంబంధించిన మాట అని సైగ చేస్తాయి, అంతే. మొత్తం కలిపితే ‘బయటికి వెళ్లడం’. మాస్టారు ఇదంతా భార్యకు విడమరిచి చెప్పారు. “ఇందులో తెలియనిదేముందండీ? ఇంట్లో నోరెక్కువైతే కాళ్లకు పని” అందావిడ. గార్డినర్ ఇంత క్లుప్తంగా చెప్పలేదు.

దేవుడి పేరు ఎక్కడున్నా ముందు రాయాలన్న నియమం మాత్రం ఆయనకు ఇట్టే ఒంటబట్టింది. రాజు పేరు టుటన్‌ఖామున్ అని చదువుతాం గానీ రాతలో అమున్ దేవుడే ముందుంటాడు. బెంజి సర్కిల్ ఫ్లెక్సీల్లో పుట్టినరోజు ఎవరిదైనా పెద్దనాయకుడి బొమ్మ పైన ఉన్నట్టు!

అంతా సాఫీగా సాగుతుండగా తెనాలి నుంచి బామ్మర్ది దిగాడు. “ఈజిప్టుదాకా ఎందుకు బావా, మన భట్టిప్రోలు రాత చదువు చూద్దాం” అన్నాడు.

రోడ్ల కోసం అక్కడి బౌద్ధ స్తూపం ఇటుకలు ఊడదీసుకుపోగా మిగిలిన దిబ్బను 1892లో అలెగ్జాండర్ రీ తవ్వితే, అక్షరాలు చెక్కిన రాతి పేటికలు బయటపడ్డాయి. 1894లో జార్జ్ బ్యూలర్ ఆ రాతను ప్రకటించి, క్రీ.పూ. 200 ప్రాంతానిదన్నాడు. ఈజిప్టు రాత గుట్టు విప్పిన షాంపోలియన్‌కు దారి చూపిన రోసెట్టా రాయి క్రీ.పూ. 196 నాటిది. అంటే అక్కడ నైలు ఒడ్డునా, ఇక్కడ కృష్ణ ఒడ్డునా ఉలులు ఇంచుమించు ఒకే కాలంలో మోగాయన్నమాట.

భాష ప్రాకృతం, లిపి బ్రాహ్మి కుటుంబానిదే. మాస్టారు బ్రాహ్మి పట్టిక ముందేసుకుని కూర్చున్నారు. ఘ, జ, మ, ల పట్టికతో కలవలేదు. దానికి తోడు చదివిన ప్రతిచోటా దీర్ఘమే! పేటిక మీది కుబిరక రాజు కాస్తా ‘కుబిరాక’ అయి కూర్చున్నాడు. కారణం ఏమిటంటే, మామూలు బ్రాహ్మిలో హల్లులోనే అకారం ఇమిడి ఉంటుంది, అడ్డగీత పెడితే ‘ఆ’. భట్టిప్రోలు లేఖకుడు హల్లును నమ్మలేదు. ఉత్త అకారానికే ఆ గీత గీశాడు, దీర్ఘానికి వేరే గుర్తు పెట్టుకున్నాడు. ఈజిప్టువాడు అచ్చులే రాయడు, ఈయనేమో అకారాన్ని కూడా వదలడు. ఇద్దరి మధ్యా నలిగిపోయింది మాస్టారే.

ఇంతా చేసి పేటికల్లో ఉన్నది రహస్యమేమీ కాదు. కుర అనే ఆయనా, ఆయన తల్లిదండ్రులూ బుద్ధుడి ధాతువుల కోసం పెట్టె ఇచ్చారని ఒకచోట. గోష్ఠి అనే సంఘం సభ్యుల పేర్ల వరస మరోచోట.

ఆ రాతను కళ్లారా చూద్దామని తెనాలిలో రేపల్లె ప్యాసింజరెక్కి భట్టిప్రోలులో దిగారు. దిబ్బ దగ్గర కాపలా మనిషి లేచి నిలబడ్డాడు.

“రాతల పెట్టెలు మద్రాసు మ్యూజియంలో ఉన్నయ్యండీ, ఇక్కడ ఇటికలే. ఇంతకీ మీకు సదవటం వచ్చా అండీ?”

“అకారం దాకా వచ్చానయ్యా” అన్నారు మాస్టారు.