బాబాయి వాక్యానికి టీకా తాత్పర్యం

మూలం: "వయసు మీరకముందే ఆ ఎంబీఏ ఏదో కానిచ్చెయ్‌రా."

అవతారిక: గృహప్రవేశం భోజనాల్లో, పెరుగన్నం దాకా వచ్చాక, బీటెక్ చివరి ఏడాదిలో ఉన్న అన్న కొడుకుతో బాబాయి పలికిన వాక్యమిది. కుర్రాడు ఆవకాయ నంజుకుంటూ తలూపాడు. అది అంగీకారమో మర్యాదో తేలనందున టీక అవసరమైంది.

ప్రతిపదార్థం: వయసు = ఇరవై రెండు; మీరకముందే = సంబంధాలు చూడటం మొదలవకముందే; ఆ = ఎదురింటివాళ్ల అబ్బాయి చేసినటువంటి; ఎంబీఏ = రెండేళ్ల చదువు; ఏదో = ఏ కాలేజీ అయినా సరే; కానిచ్చెయ్ = నీ బాధ్యత, మా బాధ్యత ఒకేసారి తీర్చుము; రా = వాత్సల్యార్థకం.

పాఠాంతరం: ఇదే వాక్యం అన్న కూతురితో అన్నప్పుడు 'ఎంబీఏ' స్థానంలో 'పెళ్లి' కనిపిస్తుంది. తక్కినదంతా సమానం.

విశేషం: 'మీరడం' అనే మాటకు ప్రవేశ పరీక్షల నిబంధనల్లో ఆధారం లేదు. ఐఐఎంల గుమ్మం దగ్గర నిలబడ్డ క్యాట్‌కు గరిష్ఠ వయోపరిమితే లేదు. డిగ్రీలో 50 శాతం మార్కులు, కొన్ని వర్గాలకు 45 శాతం ఉంటే చాలు. గడువున్నది స్కోరుకు: క్యాట్‌ది ఏడాది, జీమ్యాట్‌ది ఐదేళ్లు.

పూర్వపక్షం: పెప్సికో సీఈఓగా పనిచేసిన, 1955లో పుట్టిన ఇంద్రా నూయి 1976కే ఐఐఎం కలకత్తా చదువు ముగించారు కదా, అని బాబాయి పక్షం. నిజమే. అయితే ఆమె కొన్నాళ్లు ఉద్యోగం చేసి యేల్‌కు వెళ్లి, 1980లో మేనేజ్‌మెంట్‌లో ఇంకో పట్టా తీసుకున్నారు. బాబాయి ఉదాహరణ సగంలో ఆగిపోయింది.

సిద్ధాంతం: హైదరాబాద్‌లో పుట్టి పెద్ద కంపెనీలకు సీఈఓలైన ఇద్దర్ని చూడండి. 1963లో పుట్టిన శంతను నారాయణ్ 1993లో బర్కిలీ నుంచి, 1967లో పుట్టిన సత్య నాదెళ్ల 1997లో షికాగో నుంచి ఎంబీఏ పట్టా పొందారు. నాదెళ్ల 1992లోనే మైక్రోసాఫ్ట్‌లో చేరారు. వారాంతాల్లో విమానమెక్కి క్లాసులకు వెళ్లేవారు. హార్వర్డ్ అయితే '2+2' పేరిట చదువుకుంటున్న పిల్లలకే సీటిచ్చి, కనీసం రెండేళ్లు పనిచేసి రమ్మంటుంది.

కారణం తరగతి గదిలో ఉంది. ఈ చదువులో పాఠం చాలాసార్లు ఒక కంపెనీ కథ. డీలరు మూడు నెలలుగా డబ్బు కట్టడం లేదు. సరుకు ఆపితే అతను పోటీ కంపెనీకి పోతాడు, ఆపకపోతే బాకీ పెరుగుతుంది. ఏం చేయాలి? ఎండలో డీలర్ల చుట్టూ తిరిగినవాడు వెంటనే చెయ్యెత్తుతాడు. కాలేజీ నుంచి నేరుగా వచ్చినవాడు పేజీ తిప్పి జవాబు వెతుకుతాడు.

తాత్పర్యం: ఓ కుమారా! ముందు ఉద్యోగంలో చేరుము, రెండు మూడేళ్లు చేయుము, ఏది తెలియడం లేదో కనిపెట్టుము, అది నేర్పే కాలేజీలో అప్పుడు చేరుము.

ఫలశ్రుతి: దీన్ని కడదాకా చదివిన కుర్రాళ్లు వచ్చే శుభకార్యంలో తలూపే ముందు బాబాయిని ఒక్క మాట అడగాలి: "ఫీజుకు బ్యాంకు లోను తీస్తే, హామీ సంతకం మీరు పెడతారా?"