బామ్మగారి ప్యాకెట్టు విజయము

కావ్యమన్నాక ముందు పురవర్ణన ఉండాలి. పురము రాజమహేంద్రవరం. నన్నయ భారతం మొదలుపెట్టిన ఊళ్లో చిన్నాచితకా యుద్ధం రాస్తే బాగుండదు గనక అక్షౌహిణులకు తక్కువ కాకుండా రాస్తాను. గోదావరి గట్టు, కోటిలింగాల రేవు మీరెరిగినవే. అవి దాటి దానవాయిపేటలో ఒక డాబా ఇంట్లో, ఫ్రిజ్జు నెత్తిన, ఉతికిన క్రోషా గుడ్డ మీద కొలువుతీరిన రౌటరు దగ్గరికి రండి. నాలుగు కొమ్ములు, మిణుకుమనే పచ్చ దీపాలు, దుమ్ము. దాని గర్భకుహరంలో ఏలుబడి చేసే చక్రవర్తి లినక్సు కెర్నెలు.

ఆ సాయంకాలం పైగదిలో చిన్నకోడలు పెళ్లి వీడియో క్లౌడుకి ఎక్కించడం మొదలుపెట్టింది. జీలకర్రా బెల్లం, తలంబ్రాలు, బూరెల బంతి, అప్పగింతల ఏడుపు సమస్తమూ 1500 బైట్ల మదగజాలై, ఘీంకారదిగ్దిగంతములై, అంకుశానికి లొంగక బయల్దేరాయి. బయటికి వెళ్లే దారి వెడల్పు 4 మెగాబిట్లు. నిమిషానికి ఇరవై వేల ఏనుగులు పట్టే దారన్నమాట.

సరిగ్గా అప్పుడే బామ్మగారు డాలస్‌లో ఉన్న మనవడికి ఫోను కలిపి "ఏరా నాన్నా, అన్నం తిన్నావా?" అన్నారు. ఆ పలుకు 20 మిల్లీసెకన్లకొక ముక్క చొప్పున తెగి, ముక్కకొక ప్యాకెట్టయింది. ఒక్కొక్కటీ మహా అయితే రెండొందల బైట్లు. "ఏరా"లోని ఏకారం మోసుకొస్తున్న ఆ పొట్టివాడే మన కథానాయకుడు.

పూర్వయుగంలో ఇతని గతి ఏమిటో చెప్పి ముందుకు వెళ్తాను. అప్పట్లో కెర్నెలు కొలువులో మూడు వరసలుండేవి. నుదుట ప్రత్యేక ముద్ర లేనివాళ్లంతా నడిమి వరసే. అందులో ముందొచ్చినవాడికి ముందు. వెయ్యి ప్యాకెట్లు నిలబడేంత చోటు కూడా ఇచ్చారు, ఎవరినీ పోగొట్టుకోకూడదన్న దయతో. ఆ దయే కొంప ముంచింది. వెయ్యి ఏనుగుల వెనక నిలబడితే మూడు సెకన్లు. ఈలోగా బామ్మగారు "పలకవేంరా?" అని మళ్లీ అడిగేవారు, మొదటి ప్రశ్నకి జవాబు అప్పుడొచ్చేది, ఇద్దరూ ఒకేసారి మాట్లాడి ఇద్దరూ ఒకేసారి ఆగేవారు. జిమ్ గెట్టిస్ అనే ఇంజనీరు ఈ రోగానికి బఫర్‌బ్లోట్ అని పేరుపెట్టి ఊరూరా చాటాడు.

2012లో కాథ్లీన్ నికోల్స్, వాన్ జాకబ్సన్ కోడెల్ అనే ఆయుధం చేశారు. ఎరిక్ డ్యుమజే దానికి వరసల పంపకం జోడించి, అదే ఏడు 3.5వ కెర్నెలులో ప్రతిష్ఠించాడు. దాని పేరు ఎఫ్‌క్యూ-కోడెల్. అందులో ద్వారాలు 1024. ఏ సంభాషణ ప్యాకెట్లు ఆ సంభాషణ ద్వారానికే పోవాలి. వంతుకి 1514 బైట్లే, మదగజమైనా సరే. కొత్తగా వచ్చిన సన్నటి ధారకి ముందు పిలుపు. మన వామనుడు దారిలో అప్పటికే ఉన్న ఒక్క ఏనుగు తోక దాటేదాకా మూడు మిల్లీసెకన్లు ఆగాడు, అంతే. డాలస్ దారి పట్టాడు.

ఇక సంహారపర్వం, అంటే కోడెల్ పని. లోపలికొచ్చే ప్రతి ప్యాకెట్టు మీదా రాజు వేళ గుర్తుపెట్టుకుంటాడు. ఒక ద్వారంలో నిరీక్షణ 100 మిల్లీసెకన్లపాటు ఎడతెగక 5 మిల్లీసెకన్లకి పైనే ఉందా, వరస ముందున్న ఏనుగు కుంభస్థలం పగులుతుంది. అయినా తగ్గలేదా, రెండో వేటు ఇంకాస్త త్వరగా, మూడోది మరింత త్వరగా. ఆ దుర్వార్త చెవినపడి కోడలి ఫోనులో ప్యాకెట్ల రవాణా చూసే టీసీపీ గడగడ వణికి వేగం తగ్గిస్తుంది. చచ్చిన ఏనుగుని మళ్లీ పుట్టించి పంపిస్తుంది కూడా. కాబట్టి బూరెల బంతిలో ఒక్క బూరె తగ్గదు. ఇంత ధర్మబద్ధమైన హత్య పురాణాల్లో కూడా అరుదు.

అయితే ఒక మెలిక. ఏనుగులు గుమిగూడేది రౌటరులో కాక దాని అవతలి మోడెంలో అయితే రాజు చేతిలో కత్తి వృథా. ఇది గోదావరి జిల్లాల వాళ్లకి విడమరిచి చెప్పక్కర్లేదు. 1847లో కాటన్ దొర ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పని మొదలుపెట్టి 1852కి పూర్తిచేశాడు గనకే కాలవలకి నీరు లెక్కగా వదలడం మన చేతికొచ్చింది. దాళవాకి వంతులు పెట్టి శివారు చేలకి నీరందించాలన్నా తలుపులు మనవై ఉండాలి. షేపింగ్ అంటే అదే. దారి పట్టే దానికన్నా కాస్త తక్కువే వదిలితే, వరస మన గుమ్మంలోనే పేరుకుంటుంది, కత్తి అందే దూరంలో. వరసల పంపకం, షేపింగ్ రెండూ కలిపి చేసేది 2018లో 4.19వ కెర్నెలులోకి వచ్చింది. దాన్ని కేక్ అన్నారు. మనల్ని అడిగుంటే కాకినాడ కాజా అనేవాళ్లం.

కనుక పాఠకులారా, పెద్ద ప్లానుకి డబ్బు కట్టేముందు రౌటరు సెట్టింగులు తెరవండి. ఈ వరసల పంపకానికీ షేపింగ్‌కీ కలిపి అక్కడుండే పేరు ఎస్‌క్యూఎం. అది కనబడితే ఆన్ చేసి, మీ లైను అసలు వేగానికి ఐదు పది శాతం తక్కువ అంకె వెయ్యండి. పైసా ఖర్చు లేదు.